పాత కె-ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడానికి మదర్‌బోర్డు ఎలా ఎంచుకోవాలి (2500కె నుంచి 3770కె వరకు)

"నా దగ్గర ఐ5-2500కె ఉంది, ఏ బోర్డు కొనాలి?" "3770కె చవగ్గా దొరికింది, హెచ్61 మీద ఓవర్‌క్లాక్ అవుతుందా?" ఈ రెండు ప్రశ్నలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కలేదు. అడిగిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాస్తున్నా. ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం. ఇది ఇంటెల్ రెండో, మూడో తరం ప్రాసెసర్ల కోసం, అంటే 2011 జనవరిలో వచ్చిన శాండీ బ్రిడ్జ్, 2012 ఏప్రిల్‌లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్. వీటి సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, ఎల్‌జీఏ 1155. మీది 4670కె, 4690కె, 4790కె అయితే సాకెట్ ఎల్‌జీఏ 1150, బోర్డు జెడ్87 లేదా జెడ్97 కావాలి. బోర్డు పేర్లు మారతాయి గానీ పరీక్షించే పద్ధతి చాలావరకు ఇదే.

ముందే ఒక మాట. ఈ వయసు బోర్డుల్లో బ్రాండ్ కంటే చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను బోర్డులోని మిగతా భాగాలతో కలిపే చిప్పు; హెచ్61, జెడ్77 లాంటివి దాని పేర్లే), పవర్ సెక్షన్ (ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే భాగం), బోర్డు ఇప్పుడున్న పరిస్థితి ముఖ్యం, అదీ ఇదే వరుసలో. చాలామంది బ్రాండ్ దగ్గర మొదలుపెట్టి పరిస్థితి దగ్గరికి అసలు రారు.

చేతిలో ఉండాల్సినవి

- మీ ప్రాసెసర్, పనిచేస్తుందని తెలిసినది
- డీడీఆర్3 ర్యామ్, వీలైతే రెండు స్టిక్కులు
- 8 పిన్నుల సీపీయూ కనెక్టర్ ఉన్న మంచి పవర్ సప్లై, గ్రాఫిక్స్ కార్డు ఉంటే 500 వాట్లకు తగ్గకుండా
- టవర్ కూలర్. 1155 సాకెట్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 1150, 1151, 1200 సాకెట్లకూ అదే కొలత, కాబట్టి వాటికి సరిపోయే కూలర్ దీనికీ సరిపోతుంది. కూలర్ మాస్టర్ హైపర్ 212 లాంటిది చాలు
- థర్మల్ పేస్ట్, కొత్త సీఆర్2032 బ్యాటరీ (బోర్డు మీద నాణెంలా ఉండేది), చిన్న టార్చి
- పెన్‌డ్రైవ్‌లో సీపీయూ-జెడ్ (ప్రాసెసర్, బోర్డు వివరాలు చూపేది), హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వోల్టేజ్ చూపేది), ప్రైమ్95 (ప్రాసెసర్‌కు పూర్తి లోడ్ ఇచ్చేది). వేరే పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ను పరీక్షించేది)

1. ముందు ప్రాసెసర్ మీద అక్షరం చూడండి

పేరు చివర "కె" ఉంటేనే మల్టిప్లయర్ (బేస్ క్లాక్‌ను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) పూర్తిగా తెరిచి ఉంటుంది. 2500కె, 2600కె, 2700కె, 3570కె, 3770కె, సాధారణంగా చేతికి దొరికేవి ఇవే. ఈ తరంలో బేస్ క్లాక్, అంటే మూల వేగం, 100 మెగాహెర్ట్జ్, పీసీఐ ఎక్స్‌ప్రెస్ (గ్రాఫిక్స్ కార్డు స్లాట్), సాటా (హార్డ్ డిస్కు పోర్టులు) లాంటివన్నీ దానికే ముడిపడి ఉన్నాయి, అందుకని దాన్ని మూడు నుంచి ఐదు శాతం పెంచేసరికే సిస్టమ్ తడబడుతుంది. కాబట్టి ఓవర్‌క్లాక్ అంటే ఇక్కడ మల్టిప్లయర్ పెంచడమే, 45 పెడితే 4.5 గిగాహెర్ట్జ్.

"కె" లేకపోతే? 2500, 3470 లాంటి మామూలు ఐ5, ఐ7లకు కూడా సరైన చిప్‌సెట్ ఉంటే టర్బో (ప్రాసెసర్ దానంతటదే అందుకునే గరిష్ఠ వేగం) పైన నాలుగు మెట్లు దాకా వెళ్లే వీలుంది. ఐ5-3470 టర్బో 3.6, కాబట్టి ఒక కోర్ మీద 4.0 వరకు, అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు అంతకంటే తక్కువ. ఆ కాస్త కోసం ఖరీదైన బోర్డు కొనమని మాత్రం చెప్పను.

2. చిప్‌సెట్: ఇక్కడ తప్పితే మిగతాదంతా వృథా

మల్టిప్లయర్ మార్చనిచ్చేవి పీ67, జెడ్68, జెడ్75, జెడ్77 మాత్రమే. హెచ్61, హెచ్67, బీ75, హెచ్77, క్యూ67, క్యూ77 ఇవేవీ పనికిరావు. ఇప్పుడు కొత్త పెట్టెలో సీలుతో దొరికే 1155 బోర్డుల్లో చాలావరకు హెచ్61, పెట్టె మీద గేమింగ్ అని రాసి ఎర్ర రంగు వేసినా అది హెచ్61యే. దాని మీద 3770కె పెడితే చక్కగా నడుస్తుంది, కాకపోతే మామూలు వేగంతోనే.

పనికొచ్చే వాటిలో నా వరుస ఇది.

జెడ్77 దొరికితే కళ్లు మూసుకుని దానికే వెళ్లండి. ఐవీ బ్రిడ్జ్ మొదటి నుంచే నడుస్తుంది, చిప్‌సెట్‌లోనే యూఎస్‌బీ 3.0 ఉంటుంది, ఐవీ బ్రిడ్జ్ పెడితే గ్రాఫిక్స్ స్లాట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 వేగం అందుకుంటుంది.

జెడ్68 శాండీ బ్రిడ్జ్‌కు బాగా సరిపోతుంది, ధర కూడా కాస్త తక్కువ పలుకుతుంది. 3570కె, 3770కె పెట్టాలంటే మాత్రం బయోస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తప్పదు, దాని సంగతి నాలుగో మెట్టులో చెప్తా.

పీ67 విషయంలో రెండు హెచ్చరికలు. ఒకటి, దీంట్లో ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు, మానిటర్ పెట్టడానికి బోర్డు మీద పోర్టే ఉండదు, కాబట్టి పరీక్షించడానికి వెళ్లేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు పట్టుకెళ్లాలి. రెండోది ఇంకా ముఖ్యం: 2011 జనవరి ఆఖర్లో ఇంటెల్ ఈ చిప్‌సెట్లలో లోపం ఉందని ప్రకటించింది. 3 గిగాబిట్ సాటా పోర్టులు నాలుగూ కాలక్రమేణా బలహీనపడొచ్చు, 6 గిగాబిట్ పోర్టులు రెండింటికీ ఏ సమస్యా లేదు. సరిచేసిన రకం పేరు బీ3. పీ67 కొంటుంటే బోర్డు మీదో పెట్టె మీదో బీ3 అని ఉందేమో చూడండి, సీపీయూ-జెడ్‌లో మెయిన్‌బోర్డ్ ట్యాబు తెరిచి సౌత్‌బ్రిడ్జ్ రివిజన్ కూడా చూడండి. బీ2, అంటే లోపమున్న పాత రకం అయితే వదిలేయడం మేలు. జెడ్68 ఆ తర్వాత, 2011 మేలో వచ్చింది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

3. పవర్ సెక్షన్: తీరిగ్గా చూడాల్సిన చోటు

సాకెట్ పక్కన వరుసగా చిన్న చిన్న చదరపు డబ్బాల్లా కనిపించేవి చోకులు, వాటి పక్కన హీట్‌సింక్ కింద దాక్కున్నవి మాస్‌ఫెట్లు. 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావాల్సిన ఒకటింబావు వోల్టు చుట్టుపక్కలకు దించే పని వీటిదే. దీన్నే వీఆర్‌ఎం అంటారు.

ఎంత పని పడుతుందో లెక్క వేద్దాం. 2500కె 3.3 గిగాహెర్ట్జ్, 1.2 వోల్టుల దగ్గర 95 వాట్లు తీసుకుంటుందనుకోండి. 4.5 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టులకు పెంచితే వేగం 1.36 రెట్లు, వోల్టేజ్ వర్గం 1.27 రెట్లు, రెండూ గుణిస్తే 160 వాట్లు దాటుతుంది. నిజంలో కాస్త తక్కువే ఉంటుంది, అయినా బోర్డును ఈ లెక్కతోనే తూచాలి. 160 వాట్లను 1.35తో భాగిస్తే దాదాపు 120 ఆంపియర్లు. నాలుగు ఫేజుల (కరెంటు పనిని పంచుకునే భాగాల) బోర్డులో ఒక్కో ఫేజ్ మీద 30, ఎనిమిది ఫేజుల బోర్డులో 15. మాస్‌ఫెట్ నిరోధం వల్ల పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

చూడాల్సినవి:

మాస్‌ఫెట్ల మీద హీట్‌సింక్ ఉండాలి. లేకపోతే అది జెడ్77 అయినా సరే 4.2 దాటాలని ఆశ పెట్టుకోకండి. సీపీయూ పవర్ కనెక్టర్ 8 పిన్నులది ఉండాలి, 4 పిన్నులదంటే తయారు చేసినవాళ్లే ఈ బోర్డును ఎక్కువ లోడ్‌కు ఉద్దేశించలేదని అర్థం. ఫేజుల సంఖ్యను మాత్రం గుడ్డిగా నమ్మకండి. పెట్టె మీద 12 అని రాసినా అందులో గ్రాఫిక్స్‌కూ మెమరీ కంట్రోలర్‌కూ ఇచ్చేవి కలిపి ఉండొచ్చు, డబ్లర్లు అనే చిప్పులతో లెక్కను రెట్టింపు చేసినవీ ఉండొచ్చు. అసలు కోర్లకు నాలుగు గట్టి ఫేజులు, మంచి హీట్‌సింక్ ఉంటే 4.4 వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు.

పేర్లు అడుగుతారు కాబట్టి చెప్తున్నా: ఆసుస్ పీ8జెడ్77-వీ, పీ8జెడ్68-వీ ప్రో, గిగాబైట్ జెడ్77ఎక్స్-యూడీ3హెచ్, ఎంఎస్‌ఐ జెడ్77ఏ-జీడీ65, ఏఎస్‌రాక్ జెడ్77 ఎక్స్‌ట్రీమ్4. వీటిలో ఏది మంచి స్థితిలో దొరికినా చాలు. పేరు చివరి అక్షరాలు మాత్రం జాగ్రత్తగా చదవండి. పీ8జెడ్77-వీ పక్కన ఎల్‌ఎక్స్, ఎల్‌కె, ప్రో, డీలక్స్ అని వేరే వేరే బోర్డులున్నాయి, వాటి పవర్ సెక్షన్లు ఒకటి కావు. అమ్మేవాళ్లు చాలాసార్లు "ఆసుస్ జెడ్77" అని మాత్రమే చెప్తారు, పూర్తి పేరు కనిపించేలా బోర్డు ఫొటో అడగండి.

డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీస్ కంప్యూటర్ల నుంచి ఊడదీసిన బోర్డులు చవగ్గా వస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. బయోస్‌లో ఓవర్‌క్లాక్ మెనూ ఉండదు, కొన్నింటికి పవర్ కనెక్టర్ కూడా మామూలుది కాదు.

4. బయోస్ వెర్షన్ అడగండి

జెడ్68, పీ67 మీద ఐవీ బ్రిడ్జ్ పెట్టాలంటే రెండు విషయాలు తేలాలి. తయారీదారు సైట్‌లో ఆ బోర్డు సీపీయూ జాబితాలో మీ ప్రాసెసర్ ఉందా, ఉంటే ఏ బయోస్ వెర్షన్ నుంచి? ఆ వెర్షన్ ఇప్పటికే వేసి ఉందా? లేకపోతే అప్‌డేట్ చేయడానికి శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్ ఒకటి అరువు తెచ్చుకోవాలి. అమ్మేవాళ్లనే అప్‌డేట్ చేసి ఇమ్మనడం తేలిక. పీ8జెడ్77-వీ లాంటి కొన్ని బోర్డుల్లో ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ వేసే సౌకర్యం ఉంది.

అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోతే బోర్డు చచ్చిపోవచ్చు. యూపీఎస్ లేకుండా ఈ పని చేయకండి.

5. మీ దగ్గరున్న వాటితో కలుస్తుందా?

ఇది త్వరగా అయిపోతుంది. క్యాబినెట్ సైజు, బోర్డు సైజు కలవాలి. ర్యామ్ స్లాట్లు నాలుగు ఉంటే 32 జీబీ దాకా పెట్టుకోవచ్చు. వెనక పోర్టుల చుట్టూ వచ్చే ఐఓ షీల్డ్ రేకు ఇస్తున్నారో లేదో అడగండి, విడిగా దొరకడం కష్టం. ర్యామ్ కొత్తగా కొంటుంటే ఆన్‌లైన్‌లో బాగా చవగ్గా కనిపించే డీడీఆర్3 స్టిక్కుల వివరణ పూర్తిగా చదవండి. ఏఎండీ బోర్డులకు మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉంటే అవి ఇంటెల్ మీద పనిచేయవు.

6. బోర్డును చేతిలోకి తీసుకుని చూడండి

ఓవర్‌క్లాక్‌కు పనికొచ్చే ఈ బోర్డులన్నీ సెకండ్ హ్యాండే. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట నేరుగా చూసి కొనే వీలుంటే ఆన్‌లైన్ కంటే అదే నయం, కాస్త ధర ఎక్కువైనా సరే.

సాకెట్ మూత తీసి టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టండి. 1155 సన్నని పిన్నులు ఒకే వాలులో, ఒకే మెరుపుతో కనిపించాలి. బోర్డును నెమ్మదిగా తిప్పుతుంటే మెరుపు వరుసలు వరుసలుగా కదులుతుంది, ఎక్కడైనా ఒక చుక్క నల్లగానో, పక్క వరుసకు అడ్డంగానో కనిపిస్తే అక్కడ పిన్ను వంగిందన్నమాట. "ఒక్క పిన్నే కదా, బూట్ అవుతుంది" అంటారు. అవుతుంది. కాకపోతే అది మెమరీ ఛానల్ పిన్ను అయితే రెండు ర్యామ్ స్లాట్లు పోయినట్టే.

తర్వాత కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో, వీఆర్‌ఎం చుట్టూ బోర్డు గోధుమ రంగుకు మారిందేమో చూడండి. ఆ రంగు ఏళ్ల తరబడి పడిన వేడికి గుర్తు, అలాంటి బోర్డును ఇంకా పైకి తోయడం మంచిది కాదు. వెనక వైపు కూలర్ రంధ్రాల చుట్టూ స్క్రూడ్రైవర్ గీతలు, సోల్డర్ చేసిన ఆనవాళ్లు ఉన్నాయేమో చూడండి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో వాడిన బోర్డయితే పోర్టుల రేకుల మీద తుప్పు, స్లాట్ల లోపల పచ్చదనం కూడా గమనించండి.

7. అక్కడే ఆన్ చేసి నడిపించండి

మీ ప్రాసెసర్, మీ ర్యామ్ పెట్టి చూపించమనండి. ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి.

ముందు ఒకే స్టిక్కును నాలుగు స్లాట్లలోనూ ఒక్కోసారి పెట్టి బూట్ చేయండి. విసుగ్గానే ఉంటుంది, కానీ పిన్ను లోపాలు ఇక్కడే బయటపడతాయి. కొన్ని బోర్డులు ఒంటి స్టిక్కును కొన్ని స్లాట్లలో తీసుకోవు, అప్పుడు మాన్యువల్ చూసి జతగా పెట్టి పరీక్షించండి, బయోస్‌లో మొత్తం జీబీ సరిగా కనిపించాలి. యూఎస్‌బీ, నెట్‌వర్క్, ఆడియో, సాటా పోర్టులు అన్నీ చూడండి. గ్రాఫిక్స్ కార్డు పెట్టి, ఏదైనా లోడ్ ఇచ్చి, స్లాట్ మొత్తం 16 లేన్లతో (డేటా దారులతో) నడుస్తోందా అన్నది హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూడండి.

ఆ తర్వాత కనీసం నలభై నిమిషాలు ఆపకుండా నడవనివ్వండి. దీనికి కారణం ఉంది. బయోస్ చిప్‌లో ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ (తెర వెనక పనిచేసే ఇంటెల్ సాఫ్ట్‌వేర్) భాగం పాడైతే ఈ తరం సిస్టమ్‌లు సరిగ్గా అరగంట దగ్గర ఆగిపోతాయి. పది నిమిషాల పరీక్షలో ఇది ఎప్పటికీ దొరకదు. ఇంటికెళ్లాక అర్ధగంటకోసారి ఆగిపోతుంటే పవర్ సప్లై మార్చి, ర్యామ్ మార్చి తల పట్టుకునేవాళ్లు చాలామంది.

చివరగా, బయోస్‌లో మల్టిప్లయర్‌ను 40కి మార్చి బూట్ చేసి, లోడ్ పెట్టి సీపీయూ-జెడ్‌లో చూడండి. లోడ్‌లో కూడా 40 చూపిస్తేనే బోర్డు నిజంగా ఓవర్‌క్లాక్ చేస్తోందని లెక్క. బయోస్ మెనూలో అంకె మారినంత మాత్రాన నమ్మొద్దు. వీలైతే వారం రోజుల టెస్టింగ్ వారంటీ బిల్లు మీద రాయించుకోండి.

8. ఇంట్లో పూర్తి పరీక్ష

బ్యాటరీ మార్చండి, బయోస్ డీఫాల్ట్ చేయండి, మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా మామూలు వేగంతోనే పెట్టండి. ర్యామ్ తప్పును ప్రాసెసర్ మీద వేసుకుని వోల్టేజ్ పెంచుకుంటూ పోవడం అందరూ చేసే పొరపాటు.

ఇప్పుడు మల్టిప్లయర్ 42. వోల్టేజ్ "ఆటో"లో వదలకండి, పైకి వెళ్లేకొద్దీ చాలా బోర్డులు ఆటోలో అవసరానికి మించి ఇస్తాయి. 2500కె, 2600కెకు 1.25 వోల్టుల దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టు ఎక్కండి, 4.5కు సాధారణంగా 1.30-1.35 మధ్య పడుతుంది. రోజూ వాడకానికి 1.35 దాటకపోతే మంచిది. ఐవీ బ్రిడ్జ్‌కు ఇంకా తక్కువ, 1.25 లోపు ఉంచే ప్రయత్నం చేయండి. శాండీ బ్రిడ్జ్ పైమూత లోపల సోల్డర్‌తో అతికించి ఉంటుంది, ఐవీ బ్రిడ్జ్‌లో పేస్ట్ ఉంటుంది, అందుకే అదే వోల్టేజ్‌కు 3770కె చాలా ఎక్కువ వేడెక్కుతుంది. అది బోర్డు లోపం కాదు.

ప్రైమ్95లో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ అనే పరీక్షను రెండు గంటలు నడపండి. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి మూడు అంకెలు చూడండి.

కోర్ టెంపరేచర్: 80 లోపు ఉంటే బాగుంది. చలికాలంలో పరీక్షించి 80 వచ్చిందంటే మే నెల మధ్యాహ్నం విజయవాడలో అది 95 అవుతుంది, గది వేడి ఎంత పెరిగితే కోర్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఆ తేడాకు చోటు వదలండి.

లోడ్‌లో వోల్టేజ్: బయోస్‌లో 1.32 పెడితే లోడ్ పడగానే 1.25కు జారిపోతోందా? కాస్త జారడం సహజం. మరీ ఎక్కువైతే బయోస్‌లో లోడ్‌లైన్ కాలిబ్రేషన్ (ఈ జారుడును తగ్గించే ఆప్షన్)ను మధ్యస్థ స్థాయిలో పెట్టండి. అన్నిటికంటే పై స్థాయి వద్దు, లోడ్ వదిలిన క్షణంలో వోల్టేజ్ పైకి ఎగురుతుంది.

వేగం: 4.5 పెట్టాక లోడ్‌లో కాసేపటికి మల్టిప్లయర్ దానంతటదే పడిపోతోందా? కోర్ వేడి మామూలుగా ఉండి వేగం పడుతోందంటే ముందు బయోస్‌లో పవర్ లిమిట్ చూడండి, అది పెంచినా పడుతుంటే వీఆర్‌ఎం వేడెక్కుతోంది. కంపెనీ కూలర్ గాలిని కిందికి ఊదుతుంది, ఆ గాలి వీఆర్‌ఎంకూ తగులుతుంది. టవర్ కూలరో లిక్విడ్ కూలరో పెట్టగానే ఆ గాలి ఆగిపోతుంది. క్యాబినెట్ వెనక, పైన ఒక్కో ఫ్యాన్ పెడితే చాలావరకు తీరిపోతుంది.

బ్లూ స్క్రీన్ వస్తే పేరు రాసుకోండి. క్లాక్ వాచ్‌డాగ్ టైమవుట్, డబ్ల్యూహెచ్‌ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్, ఓవర్‌క్లాక్ చేశాక ఈ రెండూ వచ్చాయంటే ఎక్కువసార్లు ప్రాసెసర్‌కు వోల్టేజ్ చాలట్లేదని. బ్లూ స్క్రీన్ రాకపోయినా విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో (లోపాల చిట్టాలో) డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్, నంబర్ 19 కనిపిస్తే స్థిరంగా లేనట్టే, ఒక చిన్న మెట్టు వోల్టేజ్ పెంచండి లేదా మల్టిప్లయర్ ఒకటి తగ్గించండి.

ఇంకొకటి. 45 దాటాక బయోస్‌లో ఇంటర్నల్ పీఎల్ఎల్ ఓవర్‌వోల్టేజ్ అనే ఆప్షన్ ఆన్ చేయమని చాలా గైడ్‌లు చెప్తాయి. ఆన్ చేస్తే స్లీప్ నుంచి సిస్టమ్ లేవకపోవచ్చు. అలా జరిగితే బోర్డు పాడైందని భయపడకండి, ముందు ఆ ఆప్షన్ ఆఫ్ చేసి చూడండి.

ఎప్పుడు కొనకూడదు

జెడ్77 బోర్డు ధర మీ ప్రాసెసర్ ధరకు రెండింతలు దాటుతుంటే ఆగి ఆలోచించండి. మంచి ప్రాసెసర్లు మిగిలి మంచి బోర్డులు పోయాయి కాబట్టి ఇలాంటి ధరలు తరచూ కనిపిస్తాయి. మీ దగ్గర ఐ5, హెచ్61 లేదా బీ75 ఉండి, పని వీడియో ఎడిటింగ్ లాంటిదైతే, బోర్డు మార్చకుండా ఐ7-3770 పెట్టుకోవడమే లాభం, నాలుగు థ్రెడ్లు (ప్రాసెసర్ ఒకేసారి నడపగల పనులు) ఎనిమిదవుతాయి. దానికీ బయోస్ జాబితా చూసుకోవాలి. విండోస్ 11 ఈ ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

అడిగే ముందు మీ బోర్డు పూర్తి పేరు, బయోస్ వెర్షన్, పవర్ సప్లై మోడల్, లోడ్‌లో వోల్టేజ్, టెంపరేచర్ ఈ ఐదూ రాసి పంపండి. సాకెట్ ఫొటో టార్చి వెలుగులో తీసింది ఉంటే ఇంకా మంచిది.